గోడ మీంచి వచ్చిన అరకిలో

మా బడికీ, దాని పక్కనే ఉన్న కార్ఖానాకీ సంబంధం కుదిర్చింది ఫుట్‌బాల్.

హౌరాలో, టికియాపారా రైలు పట్టాలకు కూతవేటు దూరంలో మా తెలుగు మీడియం హైస్కూలు ఉండేది. రైల్వేలోనూ రేవులోనూ పనిచేసే శ్రీకాకుళం వాళ్ళ పిల్లలం అందులో చదువుకునేవాళ్ళం. పక్కన కార్ఖానా. రెంటికీ మధ్య ఒకే ఒక్క గోడ. గోడకు ఇటు మా ఆటస్థలం, అటు వాళ్ళ ఇసక పెరడు. కూరగాయల బళ్ళ దగ్గరా, చేపల దుకాణాల్లోనూ త్రాసులో వేస్తారే, ఆ ఇనుప తూకం రాళ్ళు అక్కడ పోతపోసేవారు. తడి ఇసకను పెట్టెల్లో దిట్టంగా కూరి, అందులో రాయి ఆకారాన్ని అచ్చు తీసి, కరిగిన ఇనుము పోస్తారు. ఆ అచ్చులు మహా సుకుమారం. పక్కన నిలబడి గట్టిగా తుమ్మినా అంచు రాలిపోయేది. మా మగపిల్లల ఫుట్‌బాల్ రోజుకు రెండుసార్లయినా గోడ దాటి సరిగ్గా వాటి మధ్యనే పడేది. పడగానే అవతల నుంచి బెంగాలీలో నాలుగు తిట్లు వినిపించేవి, వాటి వెనకే బంతి తిరిగి వచ్చేది. తిట్లకు ఎవరూ నొచ్చుకునేవారు కాదు. బంతి వస్తోందనడానికి అదే గుర్తు.

ఎర్రజెండాల ప్రభుత్వం వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. బళ్ళలో వర్క్ ఎడ్యుకేషన్ అని ఒక పాఠం ఉండేది. చేత్తో ఏదో ఒక పని నేర్చుకోవాలి, తయారుచేసిన వస్తువును పరీక్షలో చూపించాలి. అందులో పాసు కాకపోతే పదో తరగతి ఫైనలుకు కూర్చోనివ్వరని మా టీచర్లు బెదిరించేవారు. మగపిల్లలకు పుస్తకాలు అట్టలు కట్టడం, ఆడపిల్లలకు చేతిరుమాళ్ళ మీద పువ్వులు కుట్టడం. ఏళ్ళ తరబడి అదే. ఆ ఏడాది మాత్రం పైనుంచి ఒక కాగితం వచ్చింది: చుట్టుపక్కల ఉన్న కార్ఖానాలతో మాట్లాడి పిల్లలకు నిజమైన పని చూపించండి అని. ఆ కాగితం మా హెడ్‌మాస్టరు గారి బల్ల మీద ఉండగానే, కార్ఖానా యజమాని ఫుట్‌బాల్ చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు.

తెల్లటి ధోవతి, కళ్ళజోడు, సన్నటి ముసలాయన. పనివాళ్ళు బాబు అనేవారు, మేమూ అలాగే అన్నాం. వాళ్ళిద్దరి మధ్య జరిగిన సంభాషణను హెడ్‌మాస్టరు గారు మాకు పదిసార్లయినా చెప్పారు. చెప్పినప్పుడల్లా ఆయన వంతు మాటలు కాస్త పెరిగేవి. కాబట్టి మొదటిసారి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

"మీ కుర్రాళ్ళు ఇవాళ నాలుగు అచ్చులు పాడుచేశారు మాస్టర్‌మశాయ్."

"వాళ్ళకు ఆ పని విలువ తెలియక బాబూ. మీరే పిలిచి నేర్పితే, ఇక బంతి అటు తన్నరు."

"ఆ రాక్షసుల్నా? గోడకు అవతల ఉండే ఇంత చేస్తున్నారు, లోపలికి రానిస్తే నాకు కొలిమి మిగులుతుందా?"

"మరి ఆడపిల్లల్ని పంపనా?"

బాబు బంతిని ఇంకో చంకలోకి మార్చుకున్నాడట. "వాళ్ళు ఫుట్‌బాల్ ఆడరు కదా?"

"ఆడరు."

"అయితే ఐదుగుర్ని పంపండి. శనివారం మధ్యాహ్నాలు."

అలా, ఆ ఊళ్ళో ఏ ఆడపిల్లకూ దొరకని అవకాశం మాకు బంతి ఆడకపోవడం వల్ల దొరికింది. తొమ్మిదో తరగతి గదిలోకి వచ్చి హెడ్‌మాస్టరు గారు "ఎవరైతే కుట్టుపనికి బదులు" అని ఇంకా అంటూ ఉండగానే నేను చెయ్యెత్తేశాను.

దానికి కారణం ఉంది. అంతకు ముందు ఏడాది చేతిరుమాలు మీద నేను గులాబీ కుట్టాను. మా కుట్టు టీచరు గారు విశాఖపట్నం ఆవిడ. నెమ్మదిగా మాట్లాడేవారు. ఆ నెమ్మదిలోనే చురక ఉండేది. రుమాలును వెలుతురులోకి ఎత్తి, తిప్పి చూసి, "ఏమిటమ్మా ఇది?" అన్నారు.

"గులాబీ టీచర్."

"వండుకోడానికా?"

క్లాసంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి నన్ను చూసి "క్యాబేజీ ఎంతకిస్తున్నావే?" అని అడగని పిల్ల లేదు. నేను అడిగినా టీచరు గారు ఆ రుమాలును తిరిగి ఇవ్వలేదు, తన అల్మారాలోనే ఉంచేశారు. రాబోయే తరాలకు హెచ్చరికగా అని మేం అనుకున్నాం.

ఇంట్లో సంగతి చెబితే అమ్మ నోరు నొక్కుకుంది. "ఓలమ్మ! ఆడగుంటవి, ఇనప కొలిమి కాడ నీకేటే పని?"

లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరైన మా నాన్న మాత్రం నవ్వాడు. "దాని సేతికి సూది మరీ తేలికైపోనాదే. బరువైందిస్తే నిలబడతాదేమో సూద్దాం, ఎల్లనియ్యి."

మొదటి శనివారం హెడ్‌మాస్టరు గారు మా ఐదుగురినీ వరసగా నడిపించుకుని కార్ఖానా గేటు దగ్గరికి తీసుకెళ్ళారు. గేటుకు అడ్డంగా, మెడలో గంఛా తువ్వాలు, చేతులకు మోచేతుల దాకా నల్లటి ఇసక, ఒక పొట్టి బలమైన మనిషి నిలబడి ఉన్నాడు. ఆయన అక్కడ పెద్ద అచ్చుపని మేస్త్రీ, యూనియన్ కార్యదర్శి కూడా. అందరికీ దాదా, అంటే అన్న.

"ఐదుగురు పిల్లలు ఉత్తినే పనిచేస్తే ఐదుగురు పనివాళ్ళ పొట్ట కొట్టినట్టు," అన్నాడు దాదా. "దీన్నేమంటారు మాస్టర్‌మశాయ్?"

"చదువంటారు," అన్నారు హెడ్‌మాస్టరు గారు.

"మేం దోపిడీ అంటాం."

బాబు లోపల నుంచి కేకేశాడు. "ఒరే, వాళ్ళు చిన్నపిల్లలురా! ఇసకలో ఆడుకుని పోతారు!"

"ఆట వేరు, పని వేరు. రాసుకుందాం."

బోర్లించిన అచ్చుపెట్టె మీద కాగితం పెట్టుకుని రాసుకున్నారు. గంటన్నర పట్టింది. మేం గేటు బయట నిలబడే ఉన్నాం. ఒప్పందం సారాంశం ఇది. పిల్లలు ఇసక పట్టవచ్చు, అచ్చు తీయవచ్చు. కరిగిన ఇనుము దగ్గరికి పోకూడదు, అది దాదాయే పోస్తాడు. పిల్లలు చేసిన రాయి ఒక్కటి కూడా అమ్మకానికి పోకూడదు, గేటు దాటి బయటికి పోకూడదు. ఈ శనివారం వాళ్ళు చేసింది వచ్చే శనివారం మళ్ళీ కొలిమిలోకి పోవాలి. అప్పుడు ఎవరి పనీ ఎవరూ లాక్కున్నట్టు కాదు. చివర్న దాదా పట్టుబట్టి చేర్పించింది: పనివాళ్ళకు చాయ్ వచ్చినప్పుడు పిల్లలకు కూడా రావాలి, బిస్కెట్టుతో. "ఈ పైకప్పు కింద ఇసక ముట్టినవాళ్ళకు చాయ్ హక్కు," అన్నాడు.

ఆ తర్వాత పత్రికలో ఉద్యోగం వల్ల యాజమాన్యాలూ యూనియన్లూ రాసుకున్న ఒప్పందాలు చాలా చదివాను. ఇంత శ్రద్ధగా రాసుకున్నది, ఏ వస్తువూ తయారు కాకుండా చూడడం కోసం రాసుకున్నది, మరొకటి కనపడలేదు.

ఇసకంటే ఏదో మామూలు ఇసక కాదు. అందులో బంకమన్ను, బొగ్గు పొడి, కాస్త బెల్లం మడ్డి కలిపి, పిడికిట్లో నొక్కితే వేళ్ళ గుర్తులు నిలిచేలా తడిపేవారు. దాదా ప్రతి ఒక్కరి పిడికిలీ విప్పించి చూసేవాడు, మమ్మల్నందర్నీ పాపా అన్నట్టు ఖుకీ అనేవాడు. "ఖుకీ, ఇది ముద్దకాలేదు, పొడైపోతోంది. మళ్ళీ కలుపు." నా పిడికిలి చూసి మాత్రం మొదటి రోజే "ఊఁ" అన్నాడు. ఎనిమిదేళ్ళ బళ్ళో నేను విన్న మెచ్చుకోళ్ళన్నీ కలిపినా ఆ "ఊఁ" కంటే తక్కువే. సూది పట్టుకుంటే వణికే నా వేళ్ళు, ఇసకలోంచి చెక్క నమూనాను పైకి లాగేటప్పుడు ఒక్క రేణువు రాలనిచ్చేవి కావు. ఎందుకో నాకూ తెలియదు.

కొలిమి శనివారాలే వెలిగించేవారు. రెండో శనివారం, మేం చాయ్ తాగుతూ చూస్తూ ఉండగా, మొదటివారం మేం చేసిన ఐదు రాళ్ళనూ దాదా పారతో ఎత్తి కొలిమి నోట్లో పడేశాడు.

"అయ్యో, మన రాళ్ళే!" అంది మా ఐదుగురిలో పొడుగు జడ పిల్ల.

"ఏడవకు ఖుకీ. గంటలో మళ్ళీ నీ అచ్చులోకే వస్తాయి."

నిజంగానే వచ్చాయి. అలా మూడో వారం, నాలుగో వారం. అదే ఇనుము, అవే ఐదు రాళ్ళు. పోస్తాం, చల్లారుతాయి, చూసుకుంటాం, కరిగిపోతాయి. మా జడ పిల్లకు విసుగొచ్చేసింది. "ఇదేటి పనే? మాయమ్మ ముగ్గేస్తే కనీసం సాయంత్రం దాకా ఉంటాది," అంది. నాకు మాత్రం విసుగు రాలేదు. ప్రతివారం నా రాయి అంచు కాస్త పదునుగా దిగుతోంది. అది నాకూ దాదాకీ తప్ప ఎవరికీ తెలియదు. తెలిసేలోపు అది ఉండేది కాదు.

సీసం పని చివరి వారానికి ఉంచారు. పోత రాయి ఎప్పుడూ అసలు తూకం కంటే తేలికగానే దిగుతుంది. అడుగున బొటనవేలు పట్టేంత గూడు వదులుతారు. అందులో కరిగిన సీసం కొద్దికొద్దిగా పోస్తూ, త్రాసు ముల్లు నిటారుగా నిలిచేదాకా సరిచేస్తారు. ఆ సీసం మీదే ప్రభుత్వ తనిఖీదారు ముద్ర కొడతాడు. అందుకని ఐదోవారం రాళ్ళను కరిగించకుండా దాచి, ఆరోవారం వాటికి మా చేతే సీసం పోయించాలని బాబు అన్నాడు.

ఈ సంగతి అమ్మకు చెప్పి తప్పు చేశాను.

మా అమ్మ రోజూ సాయంత్రం టికియాపారా బజారులో పోట్లాట లేకుండా కూర కొనేది కాదు. తూకం అయ్యాక కొసరు. కొసరు మీద ఇంకో కొసరు. బెంగాలీ చేపలవాడు దాన్ని ఫావు అనేవాడు. పేరు ఏదైనా అమ్మ వదిలేది కాదు. నేను అరకిలో రాయి చేస్తున్నానని విని అడిగింది, "ఎంత తూగుతాదే అది?"

"అరకిలో అమ్మా."

"అరకిలో రాయి అరకిలోయే తూగితే మనకేటి వొరిగింది? కొసరో?"

"కొసరు రాయిలో ఉండదే అమ్మా. తర్వాత వేస్తారు."

"ఎవలేస్తన్నారే ఈ రోజుల్లో? రోజూ నోరు నొప్పెట్టేలా అడగాల. అదేదో రాయిలోనే ఎట్టేస్తే అందరికీ సుకం కదా."

నాకది ఎంతో న్యాయంగా తోచింది. ఆరో శనివారం బాబు గాజుపెట్టెలోని త్రాసు ముందు కూర్చున్నాడు. మిగతా నలుగురు పిల్లలూ చుక్క చుక్క సీసం పోసి ముల్లు నిలబెట్టుకున్నారు. నా వంతు వచ్చింది. ముల్లు నిలబడింది. గూట్లో ఇంకా కాస్త ఖాళీ కనిపించింది. మంచి మనసుతో ఇంకో గరిటె పోశాను.

బాబు లేచి నిలబడ్డాడు. "ఏం చేశావమ్మా?"

"కొసరు బాబూ," అన్నాను. తెలియలేదేమోనని, "ఫావు," అన్నాను.

కార్ఖానా అంతా నవ్వింది. బాబు ఒక్కడే నవ్వలేదు. "తక్కువైతే కొనేవాడు ఏడుస్తాడు. ఎక్కువైతే అమ్మేవాడు ఏడుస్తాడు. రాయి ఎవరి పక్షమూ ఉండకూడదు తల్లీ. ఇలాంటిది మా గుర్తుతో బయట కనబడితే నా లైసెన్సు పోతుంది."

దాదా చాయ్ ముంత పక్కన పెట్టాడు. "ఎవరి పక్షమూ ఉండకూడదా? ఈ లోకంలో పక్షం లేనిదేముంది బాబూ? మీ రాళ్ళన్నీ ఇన్నాళ్ళూ దుకాణదారు పక్షం. ఇదొక్కటీ జనం పక్షం."

"అయితే నీ పార్టీ ఆఫీసులో పెట్టుకో."

"గేటు దాటకూడదుగా," అన్నాడు దాదా సీరియస్‌గా.

ఎలాగూ కరిగేదే కదా అని దాన్ని మూలన పెట్టేశారు. మా ఆరు శనివారాలూ అయిపోయాయి.

సోమవారం హెడ్‌మాస్టరు గారు చేతిలో ఉత్తరంతో క్లాసుకు వచ్చారు. మొహం పాలిపోయి ఉంది. బుధవారం వర్క్ ఎడ్యుకేషన్ పరీక్ష. వేరే బడి నుంచి ఒక బెంగాలీ టీచరమ్మ పరీక్షకురాలిగా వస్తుంది. ప్రతి పిల్లా తాను తయారుచేసిన వస్తువును ఆమె ముందు పెట్టాలి.

వస్తువు. ఆరువారాలు ఏ వస్తువూ మిగలకుండా జాగ్రత్తపడ్డ మేం, ఆ మాట విని ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. హెడ్‌మాస్టరు గారు కార్ఖానాకు పరిగెత్తారు, పావుగంటలో తిరిగొచ్చారు. దాదా ఒప్పందం కాగితం తీసి చూపించాడట, కింద హెడ్‌మాస్టరు గారి సంతకమే ఉందట.

"కంగారెందుకండీ," అన్నారు కుట్టు టీచరు గారు. "నిరుడు కుట్టిన రుమాళ్ళు ఉన్నాయి కదా. అవి పెట్టించేద్దాం."

నలుగురు పిల్లలూ ఊపిరి పీల్చుకున్నారు. టీచరు గారు నా వైపు తిరిగారు.  ఎవరో వెనక బెంచీలోంచి "క్యాబేజీ" అన్నారు.

అంటే, నా దగ్గర చూపించడానికి రెండే ఉన్నాయి. ఒకటి టీచరు గారి అల్మారాలో ఉన్న గులాబీ, అది పెడితే ఖాయంగా ఫెయిలు. రెండోది గేటు లోపల చిక్కుకుపోయిన అరకిలో రాయి. ఇంకొకటి కొత్తగా చేద్దామంటే కొలిమి శనివారం దాకా వెలగదు. వర్క్ ఎడ్యుకేషన్‌లో తప్పితే ఏడాది వృథా. ఆపైన హెడ్‌మాస్టరు గారు ఇంకో మాట కూడా అన్నారు. "మన ఏర్పాటులో ఒక్కళ్ళు ఫెయిలైనా, వచ్చే ఏడు అందరూ సూదే పట్టుకోవాలమ్మా. నేనేం చెయ్యలేను."

ఆ సాయంత్రం నేనొక్కదాన్నే కార్ఖానాకు వెళ్ళాను. దాదా అచ్చు కూరుతున్నాడు.

"దాదా, నా రాయి నాకివ్వు."

"అది నీదీ కాదు, నాదీ కాదు ఖుకీ. ఒప్పందంది."

"ఒక్కరోజుకే దాదా. గురువారం తెచ్చేస్తాను."

"ఒక్కరోజు గేటు దాటితే, రేపు పది రాళ్ళు దాటుతాయి. పిల్లలు చేసినవని బాబు అంటాడు. ఎవరు కనిపెడతారు?"

"నువ్వు కనిపెడతావు. నా అంచు నీకు తెలుసు."

దాదా చెయ్యి ఆగింది. "తెలుసు," అన్నాడు. "యూనియన్ కమిటీలో పెడతాను. నేనొక్కణ్ణే ఔననడానికి లేదు."

మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ కమిటీ కూర్చుంది. బడిలో మాకు కూడా అది భోజనం బెల్లే. హెడ్‌మాస్టరు గారు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. గచ్చు మీద గుండ్రంగా ఏడుగురు, మధ్యలో బోర్లించిన పెట్టె, దాని మీద నా రాయి. ఒకాయన మినిట్స్ రాస్తున్నాడు. కరెంటు లేదు. రాష్ట్రంలో అప్పుడు కరెంటు ఉండడమే వార్త. ఎవరో విసనకర్రతో విసురుతున్నారు, రాయికి కూడా గాలి తగిలేలా.

చర్చ నడిచింది. పరీక్ష కోసం వస్తువు ఇస్తే ఉత్పత్తి అవుతుందా, కాదా? ఒకాయన కాదన్నాడు. ఒకాయన ఔనన్నాడు. మూడో ఆయన, అమెరికా వాళ్ళు కూడా ఇలాగే మొదలుపెడతారని అన్నాడు. ఏం మొదలుపెడతారో చెప్పలేదు. బాబు తన గదిలోంచే, "ఇచ్చినా ఆ తూకంతో నేనివ్వను!" అని అరిచాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక సూదే, అనుకున్నాను.

సరిగ్గా అప్పుడు మా మగపిల్లల ఫుట్‌బాల్ గోడ మీంచి ఎగిరి వచ్చి, దాదా పొద్దుటి నుంచి కూరిన అచ్చు మీద పడింది.

కమిటీ మొత్తం ఒకే గొంతుతో తిట్టింది. విసనకర్ర మనిషి లేచి, అలవాటుగా బంతిని తీసి గోడ మీంచి అవతలికి విసిరేశాడు. తిరిగొచ్చి కూర్చున్నాడు. దాదా మాత్రం ఇంకా గోడవైపే చూస్తున్నాడు.

"బంతి ఇప్పుడు బయటికి వెళ్ళిందా?" అన్నాడు.

"వెళ్ళింది."

"గేటు దాటి వెళ్ళిందా?"

 దాదా ఒప్పందం తెప్పించి, ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదివాడు. "గేటు దాటి బయటికి పోకూడదు. గేటు. గోడ గురించి ఏమీ లేదు." మినిట్స్ ఆయన పెన్ను ఆపి, "అయితే ఏం రాయను?" అని అడిగాడు. "గోడ విషయం చర్చకు రాలేదని రాయి," అన్నాడు దాదా.

తూకం సంగతి బాబు తేల్చాడు. రాయి మీద ఉబ్బెత్తుగా ఉన్న అంకెల మీద ఉలితో అడ్డంగా ఇంటూ గుర్తు కొట్టించాడు. ఇక అది తూకం రాయి కాదు, తూకం రాయిలా కనిపించే ఇనుము. తన గుర్తును ఆకురాయితో తనే స్వయంగా అరగదీశాడు.

సాయంత్రం బడి వదిలాక నేను గోడ ఇవతల బెంచీ ఎక్కాను. అవతల దాదా అచ్చుపెట్టెల మీద ఎక్కాడు. గంఛాలో చుట్టిన రాయిని రెండు చేతులతో అందించాడు, పసిబిడ్డను అందించినట్టు. "విసిరేద్దామనుకున్నాను," అన్నాడు, "కానీ నీ నెత్తి పగిలితే దానికి వేరే కమిటీ వెయ్యాలి."

బుధవారం పరీక్షకురాలు వచ్చింది. లావుపాటి కళ్ళద్దాల బెంగాలీ ఆవిడ. వారం రోజులుగా బళ్ళన్నీ తిరిగి అలిసిపోయి ఉంది. దుకాణంలో కొని తెచ్చిన లేసులూ, అక్కలు కుట్టిన దిండు గలీబులూ చూసి చూసి విసిగిపోయినట్టుంది. రుమాళ్ళు నాలుగూ చూసింది, నలుగుర్నీ పాసు చేసింది. నా రాయి ఎత్తి చూసి, టక్కున బల్ల మీద పెట్టింది.

"ఇదేమిటి?"

నేను చెప్పాను. ఇసక కలపడం, పిడికిలి, నమూనా లాగడం, సీసం. నాకు వచ్చిన బెంగాలీ అంతా ఖర్చుపెట్టాను.

"చెప్పడం బాగానే చెప్పావు. చూసినవాళ్ళెవరైనా చెబుతారు," అందావిడ. "హౌరాలో ఏ పాత ఇనుప కొట్టు ముందు వంగినా ఇలాంటిది దొరుకుతుంది. ఇది నువ్వే చేశావని నాకేమిటి గుర్తు?"

నా దగ్గర ఏ గుర్తూ లేదు. బాబు గుర్తు కూడా అరిగిపోయింది. హెడ్‌మాస్టరు గారు ఏదో అనబోయి దగ్గారు.

అప్పుడు కుట్టు టీచరు గారు కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళిపోయారు. నా పని అయిపోయిందని అనుకున్నాను. నిమిషంలో ఆవిడ ఒక చేత్తో త్రాసూ, మరో చేత్తో అరకిలో రాయీ పట్టుకుని తిరిగొచ్చారు. బడి గేటు ముందు పల్లీలు అమ్మేవాడివి. బయట నుంచి వాడి గొంతు వినిపిస్తూనే ఉంది: "దీదీమణీ, నా త్రాసు! బేరం పోతోంది దీదీమణీ!"

టీచరు గారు పల్లీలవాడి ముద్ర రాయిని ఒక తట్టలో, నాదాన్ని ఇంకో తట్టలో వేసి త్రాసు పైకెత్తారు. నా వైపు తట్ట సిగ్గూ ఎగ్గూ లేకుండా కిందికి దిగిపోయింది.

"ఎక్కువుంది!" అంది పరీక్షకురాలు.

"చూశారుగా," అన్నారు టీచరు గారు, తన మామూలు నెమ్మదితో. "ఇంత తప్పు రాయిని ఈ హౌరాలో ఏ కార్ఖానా చెయ్యదు. చేస్తే లైసెన్సు పోతుంది. ఇలాంటి తప్పు చెయ్యగలిగిన మనిషి నాకు తెలిసి ఒక్కతే ఉంది." అని అల్మారా తెరిచి, ఆ రుమాలు తీసి రాయి పక్కన పరిచారు. "ఇది కూడా ఆ చేతి పనే. పోల్చి చూసుకోండి."

పరీక్షకురాలు రుమాలు చూసింది. రాయి చూసింది. నన్ను చూసింది. "ఇది క్యాబేజీయా?" అని అడిగింది.

"గులాబీ," అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నవ్వు ఆపుకోడానికేనని కాసేపటికి గానీ మాకు తెలియలేదు. "సరే, ఎక్కువెందుకు పోశావు?"

"మా అమ్మ కొసరు ఉండాలంది. ఫావు."

"ఫావా! రాయిలోనే?" ఆవిడ ఇక ఆపుకోలేదు. "మీ అమ్మ బజారుకెళ్ళే టైము చెప్పు, మా అమ్మను కూడా పంపిస్తాను." నవ్వుతూనే రాయి మరోసారి ఎత్తి, అంచు వెంట బొటనవేలు నడిపింది. పైనుంచి కింది దాకా, మూల నుంచి మూల దాకా. నవ్వు తగ్గింది. "అంచు మాత్రం బాగా తీశావు," అంది. అదే మొదటిసారి, దాదా తర్వాత ఇంకొకరికి అది తెలియడం.

పాసు చేసింది. రుమాలు మాత్రం టీచరు గారు మళ్ళీ అల్మారాలోనే పెట్టుకున్నారు. ఈసారి నేను అడగలేదు.

గురువారం రాయి తిరిగివ్వబోతే, కాగితం మీద అది బయటికి పోనేలేదు కాబట్టి వెనక్కి తీసుకోడానికి లేదన్నాడు దాదా. అలా అది ఇంటికి వచ్చింది. అమ్మ మరునాడే దాన్ని సంచిలో వేసుకుని చేపలవాడి దగ్గరికి బయల్దేరింది. వాడు ఇంటూ గుర్తు చూసి, చేతులు జోడించి, తిరిగి సంచిలో వేశాడట. "ఎదవ, నా కూతురు సేసిన రాయిని ముట్టుకోడానికి బయపడిపోనాడే!" అని అమ్మ గర్వంగానే చెప్పుకుంది. ఆ తర్వాత అది ఆవిడ అప్పడాల డబ్బా మూత మీద స్థిరపడింది.

మరుసటి ఏడు ఏడుగురు ఆడపిల్లలు కార్ఖానాకు వెళ్ళారు. ఒప్పందం మళ్ళీ రాసుకున్నారు, ఈసారి రెండు గంటలు పట్టింది. దాదా పట్టుదలతో ఒక వాక్యం మారింది: పిల్లలు చేసినది గేటు గానీ, గోడ గానీ దాటకూడదు. దాంతో హెడ్‌మాస్టరు గారు కింద ఇంకో వాక్యం చేర్పించారు: పరీక్ష పెట్టేవారు గేటు దాటి లోపలికి రావచ్చు.

అలాగే వచ్చింది ఆవిడ, అవే కళ్ళద్దాలతో. నేనప్పుడు పదో తరగతి. మగపిల్లలు బంతి కోసం ఎక్కే బెంచీ మీద నిలబడి గోడ మీంచి చూశాను. ఆవిడ బోర్లించిన పెట్టె మీద కూర్చుని ఉంది. దాదా ఆవిడకు చాయ్ ముంత, బిస్కెట్టు తెచ్చి ఇచ్చాడు. ఆవిడ వద్దనబోయింది.

"తీసుకోండి దీదీమణీ," అన్నాడు దాదా. "కానీ ఈ పైకప్పు కింద చాయ్, ఇసక ముట్టినవాళ్ళకే."

ఆవిడ ముంత పక్కన పెట్టి, చీర చెంగు దోపుకుని, గుప్పెడు ఇసక తీసి పిడికిలి బిగించింది. విప్పి చూపించింది. దాదా వంగి చూశాడు.

"పొడైపోతోంది," అన్నాడు. "మళ్ళీ కలపండి."